తొమ్మిది ఇళ్ళకు ఒక ఎనిమిది

మా మున్సిపల్ చైర్మన్ పదిహేడేళ్ళు చైర్మన్‌గా ఉన్నారు. అందులో కుర్చీలో కూర్చున్నవి పదకొండు. మిగతా ఆరేళ్ళు కుర్చీ లేకుండానే చైర్మన్. ఈ లెక్క చెప్పగానే కొందరు ఆ ఆరూ కొట్టేయమంటారు. నేను కొట్టేయను. డెబ్బైల్లో మున్సిపాలిటీకి ఎన్నికలు లేని కాలం వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి స్పెషల్ ఆఫీసర్లు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు, నిజమే. కానీ నల్లా రాకపోతే వరంగల్ జనం ఖాళీ బిందెలు పట్టుకుని వచ్చింది ఈయన ఇంటికే. ఒక స్పెషల్ ఆఫీసరైతే ఉద్యోగంలో చేరిన రెండో రోజే ఈయన వరండాలో, బెంచీ మీద ఇద్దరు ముసలమ్మల మధ్య, తన వంతు కోసం కూర్చున్నాడు. ఆ రోజు ఆయన వంతు పద్నాలుగోది. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

నాకు లెక్కపెట్టడం చిన్ననాటి నుంచి ఉంది. మా నాన్న కాజీపేట స్టేషన్‌లో పాయింట్స్‌మన్. గూడ్సు బండి పోతుంటే పెట్టెలు లెక్కపెట్టడం, పెట్టె మీది నంబర్లు మనసులోనే కూడుకోవడం నా ఆట. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, ఆట ఆగలేదు. భిన్నాలు, శాతాలు, వర్గమూలాలు పాత పుస్తకాల అంగట్లో దొరికిన అట్టలేని గైడు చూసి నేర్చుకున్నాను. ఇరవై రెండో ఏట వరంగల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని పని వెతుక్కుంటున్న రోజుల్లో, ఒక ఉదయం చైర్మన్ మా గల్లీలోకి నడుచుకుంటూ వచ్చారు. వెంట ఓవర్సీరు.

"ఈ గల్లీల ఇండ్లెన్ని?" అని చైర్మన్ అడిగారు.

"ఒక అరవై ఉంటయి సార్" అన్నాడు ఓవర్సీరు.

నేను గడపలో కూర్చుని ఉన్నాను. నోరు ఊరుకోలేదు. "డెబ్బై మూడు. తాళమేసినయి రెండు కలుపుకొని" అన్నాను.

చైర్మన్ నా వైపు తిరిగారు. "లెక్కబెట్టినవా?"

"రోజు లెక్కబెడుత."

"రోజు ఎందుకు? నిన్నటికి ఇయ్యాల్టికి ఇండ్లు పిల్లలు పెడుతయా?"

ఆయన నవ్వి, "రేపు ఆఫీసుకు రా, లెక్కలోడా" అన్నారు. ఆ రోజు నుంచి నా పేరు అదే అయింది. మా అమ్మ తప్ప వరంగల్‌లో అందరూ అలాగే పిలిచారు.

ఆయన నాకిచ్చిన పని ఇళ్ళకు నంబర్లు వేయడం. అప్పట్లో ఆయన సొంత వార్డులోనే నలభై ఒకటో నంబరు ఇళ్ళు నాలుగుండేవి. ఒకటి పాత నలభై ఒకటి, ఒకటి కొత్త నలభై ఒకటి, మిగతా రెండూ మాదే అసలు నలభై ఒకటి అనేవి. నేను నాలుగు నెలలు ఆ వార్డంతా తిరిగి, అంగడి వైపు నుంచి మొదలుపెట్టి ఖిలా వరంగల్ మట్టికట్ట దాకా, ఒక్క ఇల్లూ వదలకుండా వరసగా రేకు నంబర్లు కొట్టించాను. మొత్తం తొమ్మిది వందల పన్నెండు. తెల్ల రేకు మీద నల్ల అంకె, నాలుగు మూలలా నాలుగు మేకులు. ఒక పొడుగు పుస్తకంలో నంబరు, ఆ ఇంటివాళ్ళ పేర్లు రాసుకున్నాను. పెళ్ళిళ్ళు, చావులు తెలిసినప్పుడల్లా అందులోనే దిద్దేవాణ్ణి. మిగతా వార్డులకు వచ్చేసరికి రేకులు అయిపోయి, గోడల మీద రంగుతో రాశారు. రేకులున్నది మా ఒక్క వార్డులోనే. అప్పుడు అది మాకు గొప్పగా అనిపించింది.

చివరి రేకు కొట్టిన వారానికే బీడీలు చేసే ఒక అవ్వ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నా ఇంటికి మూడువందల ముప్పై రెండు గొట్టినవు."

"అవునవ్వా."

"మూడు, మూడు, రెండు. కలిపితె ఎంతైతది?"

"ఎనిమిది."

"ఎనిమిది శని లెక్క అని అంగట్ల పంచాంగమాయన చెప్పిండు. నా మీద నీకేం పగ బిడ్డా?"

ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. రెండు వందల ఆరు, నాలుగు వందల నలభై, ఐదు వందల పన్నెండు. అందరికీ ఓపికగా ఒకటే చెప్పాను. ఏ వరస తీసుకున్నా అంకెలు కూడుతూ పోతే తొమ్మిది ఇళ్ళకు ఒక ఇల్లు ఎనిమిదికి పడుతుంది. తప్పదు. తొమ్మిది వందల పన్నెండు ఇళ్ళలో నూట ఒకటి ఎనిమిదికే పడ్డాయి. మీకు తప్పిస్తే ఇంకొకరికి పడుతుంది. నేలమీద బొగ్గుతో రాసి మరీ చూపించాను. వాళ్ళు తలలూపి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. సరిగ్గా చెప్తే జనానికి లెక్క అర్థమవుతుందని నేను ఎంతో సంతోషపడ్డాను. ఆ సంతోషం పద్నాలుగేళ్ళు ఉంది.

చైర్మన్ పని తీరు ఇక్కడ చెప్పాలి. ఆయన పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎవరొచ్చి ఏమడిగినా 'కాదు' అనేవారు కాదు. ఒకసారి కావాలనే లెక్కపెట్టాను. ఒక్క పొద్దున నలభై మూడు మంది వచ్చారు, నలభై మూడు సార్లు 'సరే' అన్నారు. మురుగునీళ్ళ మోరీ గల్లీకి ఎడమవైపు ఉండాలన్న ఆయనకీ సరే, కుడివైపు ఉండాలన్న ఆయనకీ సరే. "ఎట్లైతది సాబ్?" అని నేనడిగితే, "ఇద్దరు ఇంటికి పోయి నిమ్మలంగ అన్నం తింటరు. రెండు రోజులైనంక ఇద్దర్ల ఒకడు మోరీ సంగతి మర్శిపోతడు. మర్వనోని దిక్కు తవ్వుదాం" అన్నారు. విచిత్రమేమిటంటే చాలాసార్లు అలాగే జరిగేది.

ఎనభైల్లో ఒక కొత్త పద్ధతి వచ్చింది. అంతకుముందు కౌన్సిలర్లు చైర్మన్‌ను ఎన్నుకునేవాళ్ళు, ఈసారి జనమే నేరుగా ఓటేసి ఎన్నుకోవాలన్నారు. మా చైర్మన్‌కు పోటీగా అంగట్లో బట్టల దుకాణం ఆసామి నిలబడ్డాడు. మంచివాడు. ఆయన దుకాణంలో గజం అంటే నిజంగా గజమే ఉండేది, నేను కొలిచాను. వయసు నలభై దాటలేదు. ఆయనకు జీపు, మైకు, దుకాణంలో పనిచేసే పన్నెండు మంది ఉన్నారు. మా సాబ్‌కు అరవై నాలుగేళ్ళు, నేను, ఒక రిక్షా.

"ఈ ఒక్కసారి గెలిపియ్యి తమ్మీ" అన్నారు నాతో. "కోట కాడి ట్యాంకుకు పైపు ఇంక మూడు ఫర్లాంగులున్నది. నీళ్ళెక్కినంక నేనే దిగుత. ఎవ్వడు దింపే పని లేదు."

కోట కింది బస్తీల్లో ట్యాంకు కట్టి రెండేళ్ళయింది, చుక్క నీరు ఎక్కలేదు. పిల్లలు దాని నీడలో గోళీలాడుకునేవాళ్ళు. ఆ నీళ్ళు చూడాలన్నది ఆయన కోరిక. దానికోసమే ఆయనకు కుర్చీ కావాలి. నేను వార్డుల వారీగా లెక్క వేశాను. మిగతా ఊరంతా కలిపి మేము ఆరు వందల ఓట్లు వెనకబడతాం. మా వార్డు ఆ ఆరు వందలూ తిరిగి ఇస్తే గెలుపు, ఇవ్వకపోతే ఓటమి. అంటే నా రేకుల వార్డు మీద ఆయన పదిహేడేళ్ళూ నిలబడ్డాయి.

అందుకని మా వార్డు ఓటర్ల చీటీలు నేనే రాశాను. పేరు, ఇంటి నంబరు, ఏ బడికి పోవాలో. నాలుగు వందల యాభై ఆరో ఇంటి దాకా అంగడి బడి, ఆ పైన కోట బడి. రెండు బడుల మధ్య నా అడుగులు వెయ్యీ ఎనిమిది వందల నలభై. చీటీలన్నీ నా పొడుగు పుస్తకం చూసే రాశాను. అచ్చు వేసిన ఓటర్ల జాబితా చేతికొచ్చేసరికి పోలింగు రెండు రోజుల్లోకి వచ్చింది. మొత్తం చూశాను. అందులో రెండు వేల ఏడు వందల ముప్పై ఎనిమిది మంది, నా చీటీలూ అన్నే. మొత్తం సరిపోయింది కదా అని పేర్లు చూడలేదు. లెక్కలు తెలిసినవాడు మాత్రమే చేయగల తప్పు అది. తెలియనివాడైతే పేర్లు చూసేవాడు.

పోలింగు రోజు ఉదయం అంగడి బడికి నూరు గజాల దూరంలో, వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చున్నాను. మొదటగా ఓటేయడానికి వెళ్ళింది మా బీడీల అవ్వే. లోపలికి పోయి అంతలోనే బయటికి వచ్చింది.

"మూడువందల ముప్పై రెండుల నా పేరు లేదంట బిడ్డా. ఎవలో ఖాన్ సాబు పేరున్నదంట."

నేను జాబితా తీశాను. నిజమే. మూడు వందల ముప్పై రెండులో ఒక దర్జీ కుటుంబం ఉంది. ఆ దర్జీ ఉండేది కోట దగ్గర. అవ్వ వెనక ఇంకో ఐదుగురు తిరిగొచ్చారు. తర్వాత పదకొండు మంది. అరగంటలో ముప్పై నాలుగు మంది నా మంచం చుట్టూ నిలబడ్డారు.

"మీ ఇంటి మీద ఉన్న నంబరు ఎంత?" అని ఒక్కొక్కరినీ అడిగాను.

"నువ్వు రాసిందే" అని ఒకామె నేల చూస్తూ అంది.

"చీటీల ఉన్నదే గద" అన్నాడు ఇంకొకాయన, ఆకాశం చూస్తూ.

అబద్ధమాడటం చేతకానివాళ్ళందరూ ఒకేసారి అబద్ధమాడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఎందుకో మాత్రం తెలియలేదు. చివరికి బీడీల అవ్వను పక్కకు పిలిచి, "అవ్వా, నీ ఓటు పోతది. సాబ్ ఓడిపోతడు. నిజం చెప్పు" అన్నాను.

ఆమె నా చెవిలో, "చెప్పొద్దు బిడ్డా. చైర్మన్ సాబ్ ఎవ్వలకు చెప్పొద్దన్నడు. మాటిచ్చిన" అంది.

చైర్మన్‌కు ఓటేయడానికి వచ్చి, చైర్మన్‌కు ఇచ్చిన మాట కోసం ఓటు వదులుకుని ఇంటికి పోవడానికి సిద్ధపడిన ముప్పై నాలుగు మందిని నేను ఆ వేపచెట్టు కింద చూశాను. సైకిలెక్కి చైర్మన్ ఇంటికి తొక్కాను.

ఆయన అప్పుడే స్నానం చేసి పంచె కట్టుకుంటున్నారు. సంగతి చెప్పగానే కుర్చీలో కూర్చున్నారు. ఆయన ముఖంలో దొంగతనం చేస్తూ దొరికిన కుర్రవాడి చూపు నేను మొదటిసారి చూశాను.

"ఎంతమంది?" అన్నారు.

"ఇప్పటికి ముప్పై నాలుగు. మీరు ఎంతమందికి ఒప్పుకున్నరు?"

"నాకేం ఎరుక తమ్మీ. పద్నాలుగేండ్ల సంది వస్తనే ఉన్నరు. నువ్వు కాదన్నవని నా దగ్గరికొచ్చి ఏడుస్తరు. ఎవలకొచ్చిన రేకు వాళ్ళకు పడకపోతె మార్చుకొమ్మన్న. నీకొక్కదానికే ఒప్పుకుంటాన్న, ఎవ్వలకు చెప్పకు, లెక్కలోనికి తెలిస్తె ఫికర్ జేస్తడు అన్న."

అప్పుడు నాకంతా అర్థమైంది. పొరుగువాళ్ళకు తెలియకూడదు కాబట్టి ఎవరూ పక్కింటితో మార్చుకోలేదు. వార్డు ఆ చివరన ఉన్న మేనమామతోనో, ఆడబిడ్డతోనో, బీడీల కార్ఖానాలో పరిచయమైన మనిషితోనో మార్చుకున్నారు. ఎనిమిదో తారీఖున పుట్టినవాళ్ళకు ఎనిమిదే కలిసొస్తుందని ఆ పంచాంగమాయనే చెప్పాడట, అలాంటివాళ్ళు ఆ రేకులు సంతోషంగా తీసుకున్నారు. దర్జీ ఖాన్ సాబుకు ఎనిమిదితో పేచీ లేదు. ఆయన అవ్వకు తన రేకు ఇచ్చేసి మూడు వందల ముప్పై రెండు తగిలించుకున్నాడు. కిరాణా సేటు ఇంటికి పడ్డ, ముసల్మానులకు శుభమైన ఏడు వందల ఎనభై ఆరు కోసమైతే ముగ్గురు పోటీ పడ్డారట. ఈసారి ఓటర్ల జాబితా కొత్తగా రాసినవాళ్ళు తలుపు మీద ఏ అంకె ఉంటే అది రాసుకుపోయారు. ఆఫీసులో ఆ అంకెల వరసలో పేర్లు పేర్చారు. అంగడి మనుషులు కోట బడికి, కోట మనుషులు అంగడి బడికి పడ్డారు. కుర్చీ లేని ఆరేళ్ళలో కూడా ఈయన అనుమతులు ఇస్తూనే ఉన్నారు.

"మీరొచ్చి ఆ మాట వాపస్ తీసుకోవాలె సాబ్" అన్నాను. "లేకుంటె ఎవ్వలు చెప్పరు."

"అందరి ముందట్నా?" అన్నారు.

"అందరి ముందట్నే."

చెప్పులు వేసుకుంటూ లోపలికి చూసి, భార్యను పిలిచారు. "మన రేకు మన తలుపు మీదనే ఉన్నది గద?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నాకు మాత్రం శని ఉండదా?" అంది. "మా తమ్మునింటితోటి మార్చిన. ఎనిమిదేండ్లైతాంది."

"నన్ను అడగకనే?"

"అడిగితె సరే అంటవని ఎరుకే. గందుకే అడగలే."

మేం వెళ్ళేసరికి వేపచెట్టు కింద తొంభై ఒక్క మంది ఉన్నారు. చైర్మన్ రిక్షా దిగి నా మంచం పక్కన నిలబడ్డారు. బందోబస్తుకు వచ్చిన ఎస్సై పరుగున వచ్చి, "సార్, ఈడ ప్రచారం చేయొద్దు" అన్నాడు.

"ఓటు మాట ఎత్తనే ఎత్త" అని ఆయన జనం వైపు తిరిగారు. తర్వాత, "రేకుల ముచ్చట ఎవ్వలకు చెప్పొద్దని మీకు చెప్పిన గద. ఆ మాట వాపస్ దీసుకుంటాన్న. ఇప్పుడు అందరు చెప్పుండ్రి" అన్నారు.

ముందు వరసలోని గాజులమ్మే ఆమె, పక్కనున్న ఆమెను చూసింది. "నాకొక్కదానికే అన్నడు గద. నీకు సుత అన్నడా?"

"నాకొక్కదానికే అన్నడు" అంది ఆమె.

"నాకైతె చేతిల చెయ్యేసి మరీ చెప్పిండు" అని వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "ఈ వార్డుల నిన్ను తప్ప ఇంకెవ్వల నమ్మ అక్కా అన్నడు."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నవ్వు మొదలైంది. తొంభై ఒక్క మంది ఒకేసారి నవ్వితే వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. బీడీల అవ్వ నవ్వలేక నేల మీద కూర్చుంది. ఎస్సై టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చైర్మన్ చేతులు జోడించి నిలబడ్డారు. పదిహేడేళ్ళలో ఆయన చెప్పిన 'సరే'లన్నీ ఒక్కచోట నిలబడి ఆయన్ను చూసి నవ్వుతున్నట్టు ఉంది.

ఆ తర్వాత రెండు గంటలు నేను తల ఎత్తలేదు. కూరగాయల హర్రాజులా అన్ని వైపుల నుంచీ అంకెలు వచ్చి పడ్డాయి. తలుపు మీది అంకె చెప్తే జాబితాలో చూసి బడి పేరు చెప్పడం, చీటీ దిద్దడం. "నాది ఎనిమిదివందల నాలుగు." "కోట బడి." "నాది రెండువందల డెబ్బై." "ఇదే బడి, చీటీ మారుస్తాన్న." ఒకాయనది మూడు చేతులు మారిన రేకు, ఆయనకే గుర్తులేదు. కూతురు ఇంటికి పరుగెత్తి చూసి వచ్చింది. కోట బడి దగ్గర కూడా ఇదే గొడవ అని తెలిసి, జాబితా చంకలో పెట్టుకుని సైకిలు మీద అటూ ఇటూ తిరిగాను. ఏడుసార్లు.

రోడ్డు మీద ఒక వింత జరిగింది. అంగడి మనుషులు గుంపుగా కోట వైపు నడుస్తుంటే, కోట మనుషులు గుంపుగా అంగడి వైపు వస్తున్నారు. నడుమ రోడ్డు మీద రెండు గుంపులూ కలిశాయి. రేకులు మార్చుకున్నవాళ్ళు ఒకరికొకరు ఎదురుపడ్డారు. "ఏమన్న, నా శని మంచిగున్నదా?" అని బీడీల అవ్వ దర్జీ ఖాన్ సాబును అడిగింది. "బహుత్ అచ్ఛా ఉంది. రెండు మిషన్లు కొన్నా" అన్నాడు ఆయన. "అట్లైతె నాది నాకియ్యి" అంది అవ్వ. ఆ గుంపులోనే చైర్మన్, ఆయన భార్య కలిసి బావమరిది ఇంటి నంబరు మీద ఓటేయడానికి కోట బడికి నడుస్తున్నారు. ఆమె ముందు, ఆయన వెనక.

మధ్యాహ్నం పన్నెండు దాటాక బట్టల దుకాణం ఆసామి అల్లుడు నా మంచం దగ్గరికి వచ్చాడు. వాళ్ళ తరఫున ఆ బడి దగ్గర కూర్చున్నది అతనే.

"అన్నా, మావోళ్ళు సుత రేకులు మార్చిండ్రు. ఒక యాభై అరవై మంది తిరిగి పోతాండ్రు. మీ సాబ్‌తోటి మాకేం ఒప్పందం లేదు. నువ్వు చెప్పకున్న ఏమనం."

నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఆరు వందలు కావాలి. దానిలో ఒక్కటి తగ్గినా సాబ్ ఓడిపోతారు. ఎదుటివాళ్ళ ఓట్లు అరవై ఇంటికి పోతే నాకు అరవై వచ్చినట్టే. నేనేమీ అబద్ధం చెప్పక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. చైర్మన్ అప్పుడే ఓటేసి తిరిగొచ్చి రిక్షాలో కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నారు. దగ్గరికి వెళ్ళి అడిగాను.

ఆయన చెంబు కింద పెట్టారు. "మున్సిపాలిటోనివి. ఇంటి నంబరు అడిగితె చెప్పవా?"

"ఓడిపోతం సాబ్. లెక్క అంచు మీద ఉన్నది."

"నేనొప్పుకుంటెనే గద వాళ్ళు సుత మార్చింది. నా దగ్గరికి వచ్చినప్పుడు మీరు ఎవలకు ఓటేస్తరని అడగలే. ఇప్పుడెట్ల అడుగుత? పో, రాయి."

రాశాను. సాయంత్రం దాకా అడిగిన ప్రతి ఒక్కరికీ రాశాను. ఆ రోజు నేను దారి చూపినవాళ్ళు నాలుగు వందల పన్నెండు మంది. ఎవరు ఎవరికి వేశారో నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను లెక్కలో చేర్చను.

ఓట్ల లెక్కింపు ఒక కాలేజీ హాల్లో జరిగింది. మా తరఫున నేను లోపల కూర్చున్నాను. చైర్మన్ బయట షామియానా కింద, బ్యాండు మేళంతో సహా ఉన్నారు. మా వార్డు పెట్టెలు చివరికి మిగిలాయి. అప్పటికి మేం ఆరు వందల ఇరవై ఐదు వెనక ఉన్నాం. నా అంచనా ఆరు వందలు, తప్పు ఇరవై ఐదే. ఆ పరిస్థితిలో కూడా నాకు దానికి కొంచెం గర్వం కలిగిందని ఒప్పుకుంటున్నాను.

కాగితాలు ఇరవై ఐదేసి కట్టలు కట్టి రెండు వైపులా పేర్చారు. కట్టలు కట్టడం అయిపోయేసరికి మా వైపు యాభై, వాళ్ళ వైపు ఇరవై ఆరు. మా వార్డు మమ్మల్ని వదిలిపెట్టలేదు. హాల్లో ఉన్న మావాళ్ళందరూ లేచి నిలబడ్డారు. కట్టల తేడా ఇరవై నాలుగు, అంటే ఆరు వందల ఓట్లు. రెండు వైపులా విడి కాగితాలు కొన్ని మిగిలాయి. మావాళ్ళు వాటినే ఆశగా చూస్తున్నారు. నేను చూడలేదు. మా వైపు విడి కాగితాలు ఎన్నున్నా ఇరవై నాలుగుకు మించవు, మించితే ఇంకో కట్ట అయ్యేది. ఆరు వందలకు ఇరవై నాలుగు కలిపినా ఆరు వందల ఇరవై నాలుగు. వాళ్ళ వైపు ఒక్క విడి కాగితం కూడా లేదనుకున్నా ఒక్క ఓటుతో ఓటమి. ఆ హాల్లో ఆ సంగతి అప్పటికి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

చివరికి మా వైపు విడివి పన్నెండు, వాళ్ళ వైపు ఇరవై నాలుగు. ముప్పై ఏడు ఓట్ల తేడాతో ఓడిపోయాం.

బయటికి వచ్చాను. చైర్మన్ పొట్లంలో మిర్చీ బజ్జీలు తింటున్నారు. నా ముఖం చూసి, "ఎంత?" అన్నారు.

"ముప్పై ఏడు."

"ఎవలు?"

"వాళ్ళు."

చేతిలో ఉన్న బజ్జీ మొత్తం తిన్నారు. కాగితంతో వేళ్ళు తుడుచుకున్నారు. అలా ఎంతసేపు తుడుచుకున్నారో నేను లెక్కపెట్టలేదు. తర్వాత బ్యాండువాళ్ళ వైపు చూశారు. ఎర్రకోట్లు వేసుకుని పొద్దుటి నుంచి ఎండలో కూర్చున్నారు పాపం, పదకొండు మంది.

"ఆయన బ్యాండు చెప్పుకున్నడా?" అని అడిగారు.

చెప్పుకోలేదు. బట్టల దుకాణం ఆసామి గెలుస్తానని అనుకోలేదు. అప్పుడే హాల్లోంచి బయటికి వచ్చి, మెడలో మూడు దండలతో, ఎటు నడవాలో తెలియక మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"పొద్దటి సంది కూసున్నరు. వాయించకుండ పంపుతె మంచిగుండదు" అని మా సాబ్ లేచి ఆయన దగ్గరికి వెళ్ళారు. చెయ్యి పట్టుకుని జీపెక్కించారు. బ్యాండును ముందు నిలబెట్టారు. "మీ డ్రైవరుకు గల్లీలు తెల్వయి. జీపు యాడ దూరుతదో యాడ దూరదో నాకెరుక" అని తాను బ్యాండు ముందు నడిచారు.

ఆ ఊరేగింపు లాంటిది వరంగల్ మళ్ళీ చూడలేదు. ముందు ఓడినాయన, వెనక గెలిచినాయన. గల్లీల్లో ఆడవాళ్ళు బయటికి వచ్చి, ముందు నడుస్తున్నది సాబే కాబట్టి సాబే గెలిచారనుకుని హారతులిచ్చారు, బొట్లు పెట్టారు. ఆయన ప్రతి ఒక్కరికీ వెనక జీపును చూపించారు. వాళ్ళు జీపు వైపు చూసి, ఎవరో చుట్టం అనుకుని ఆయనకూ ఒక బొట్టు పెట్టారు. బీడీల అవ్వ బ్యాండు ముందు రెండు చేతులూ ఎత్తి ఆడింది. "ఓడిపోయినమవ్వా" అని ఆమె చెవిలో అరిచాను. "ఓడిపోతె ఆడొద్దా?" అంది. తర్వాత సాబ్ కూడా ఆడారు. అరవై నాలుగేళ్ళ మనిషి, పంచె ఎగ్గట్టి, సన్నాయి పాటకు కుడి కాలు ఒక రకంగా, ఎడమ కాలు ఇంకో రకంగా వేస్తూ. నేను తాళం లెక్కపెట్టబోయి లెక్క తప్పాను. నా కాళ్ళు కూడా కదులుతున్నాయని కాసేపటికి గానీ తెలియలేదు.

ఊరేగింపు బట్టల దుకాణం ఆసామి ఇంటి ముందు ఆగింది. ఆయన తల్లి ఇద్దరికీ నీళ్ళిచ్చింది. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. సాబ్ నన్ను పిలిచి, "లెక్కలోడా, రాసుకో" అన్నారు.

"ఏం రాయాలె?"

"ఆయనకు తెల్వాలె గద. నంబర్లేసి రాయి. ఒకటి. కోట ట్యాంకు పైపు మూడు ఫర్లాంగులు మిగిలింది, కాంట్రాక్టరు ఫోనెత్తడు, ఇంటికి పొద్దున్నే ఏడుకు పోవాలె. రెండు. అంగడి వెనక వాల్వు ఎడమకు తిప్పితె మూసుకుంటది, అన్నిటి లెక్క గాదు. మూడు. దవాఖాన గల్లీల వానొస్తె నీళ్ళు ఆగుతయి, అక్కడి పిలగాండ్లు దాటేందుకు ఓ బల్ల ఇప్పిస్తనని చెప్పిన, ఇయ్యలే."

బ్యాండు ఇంకా వాయిస్తూనే ఉంది. సాబ్ దాని మీదుగా గొంతెత్తి చెప్తూ పోయారు. ఏ గల్లీ మోరీ ఎటు పారుతుంది, ఏ లైను దీపం ఎవరి ఇంట్లోంచి ఆర్పుతారు, ఎవరికి ఏ మాట ఇచ్చారు, అందులో ఏవి తీర్చారు, ఏవి తీర్చలేదు. ఎక్కడా కాగితం చూడలేదు. కొత్త చైర్మన్ మొదట మర్యాదగా తలూపాడు. ముప్పై దాటాక దండలు సర్దుకున్నాడు. యాభై దాటాక దండలు తీసి పక్కన పెట్టాడు. నేను నూట పన్నెండు అని వేసేసరికి ఆయన అరుగు మీద పద్మాసనం వేసుకుని నా పుస్తకంలోకి వంగి ఉన్నాడు.

"అన్నా, జర నిమ్మలం" అన్నాడు. "మోరీల కాడికెల్లి మల్లొకసారి చెప్పు."

సాబ్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. నేను పేజీ తిప్పాను.